ఇసుకలో దాచుకున్న నీళ్లు: మక్వేనిలో పదకొండు రోజులు

మా అవ్వది చిత్రావతి ఒడ్డున ఊరు. ఎండాకాలం వస్తే ఏరు ఎండిపోయి ఇసుక మాత్రం మిగిలేది. అవ్వ పొద్దున్నే బిందె, కొబ్బరి చిప్ప పట్టుకుని ఏట్లోకి దిగి చేతులతోనే చెలిమ తవ్వేది. మొదట ఊరిన నీళ్లు తోడి పారబోసేది. రెండోసారి ఊరినవి తేటగా, చల్లగా ఉండేవి. వాటిని చిప్పతో ముంచి బిందెలో పోసేది. ఇప్పుడా ఏట్లో ఇసుక లేదు. లారీలు, ట్రాక్టర్లు తోలుకుపోయాయి. మిగిలింది బండ, దాని చుట్టూ సర్కారు తుమ్మ. ఇసుకతో పాటే చెలిమలూ పోయాయి.

నేను హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే చోట సైట్ ఇంజనీర్‌ని. మా పెదనాన్న కొడుకు కెన్యా రాజధాని నైరోబీలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. ఒకరోజు ఫోన్లో, "ఇక్కడ మక్వేని అని ఒక జిల్లా ఉందమ్మా. వంకకు అడ్డంగా గోడ కట్టి, దాని వెనక ఇసుక నింపి, ఆ ఇసుకలో నీళ్లు దాచుకుంటున్నారు. అవ్వ చెలిమ గుర్తొచ్చింది," అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అన్న ద్వారా ఆ పని చేయించే ఒక చిన్న సంస్థతో మాట్లాడాను. వాళ్లే అనుమతి పత్రాలు తీసిపెట్టారు. 2023 ఆగస్టులో రెండు వారాలు సెలవు పెట్టి బయల్దేరాను.

మొదటి రోజు

ముంబై మీదుగా నైరోబీ. పసుపు జ్వరం టీకా కార్డు పాస్‌పోర్టులోనే పెట్టుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు మన దేశంలో దిగాలంటే అది ఉండి తీరాలి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి కాబట్టి, వెళ్లాలనుకునేవాళ్లు ఇది మరిచిపోవద్దు.

సాయంత్రం అన్న నన్ను ఊరి మధ్యలో ఉన్న జీవన్‌జీ గార్డెన్స్‌కి తీసుకెళ్లాడు. కరాచీలో పుట్టి ఇక్కడ వ్యాపారం చేసిన ఎ.ఎం. జీవన్‌జీ ఊరికి ఇచ్చిన తోట అది. దాని పక్కనే ఉన్న వీధి పేరు ముయిందీ మ్బింగు వీధి. ఆ పేరు ఎవరిదో నాకు మరునాడు తెలిసింది. రాత్రి వదిన ఒక సంచిలో చింతపండు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ కట్టి ఇచ్చింది. "అక్కడ కందులు దొరుకుతాయి, ఇవి దొరకవు," అంది.

రెండో రోజు

సంస్థ పికప్ వచ్చింది. వాళ్లకున్న బండి అదొక్కటే, పనివాళ్లు ఐదుగురు. పనులన్నీ చూసుకునే ఆవిడే బండి నడిపింది. నలభై ఏళ్లు ఉంటాయి, అదే ప్రాంతంలో పుట్టిన మనిషి. మొంబాసా రోడ్డు మీద కొంతదూరం పోయి మచాకోస్ వైపు తిరిగాం.

మచాకోస్ దాటాక కొండలు చూసి బండి ఆపమన్నాను. అడుగు నుంచి నెత్తి దాకా మెట్లు మెట్లుగా చెక్కిన పొలాలు. వాలుకు అడ్డంగా కాలువ తవ్వి, ఆ మట్టిని పైవైపుకు ఎగదోసి గట్టు వేస్తారు. దీన్ని స్వాహిలిలో "ఫాన్యా జూ" అంటారు, అంటే పైకి వెయ్యి అని. గట్టు మీద పశువుల గడ్డి నాటుతారు. వాన పడితే నీరు పరుగెత్తకుండా ప్రతి గట్టు దగ్గరా ఆగి ఇంకుతుంది.

ఆవిడ బండి తోలుతూనే ఈ కొండల కథ చెప్పింది. 1930లలో తెల్లదొరలు ఈ నేల పాడైపోయిందనీ, కారణం ఇక్కడి కాంబా జనం పశువులేననీ తేల్చారు. మందలు తగ్గించాలని బలవంతంగా పశువుల్ని తోలుకెళ్లి అమ్మించారు. 1938లో ముయిందీ మ్బింగు అనే మనిషి ముందు నడవగా వేలాది మంది కాంబాలు, ఆడామగా, పిల్లాజెల్లా, నైరోబీకి నడిచి వెళ్లి కూర్చున్నారు. ఆయన్ని పట్టుకుని లాము దీవికి పంపేశారు. అయినా ప్రభుత్వం వెనక్కి తగ్గింది. "గట్లు వేయడం కూడా మొదట్లో దొరలు బలవంతంగా చేయించిన పనే. అందుకే మా తాతలకు అదంటే మంట. స్వాతంత్ర్యం వచ్చాక అదే పని మావాళ్లు ఇష్టంగా చేశారు. ఎవరి పని అన్నదే తేడా," అంది ఆవిడ.

అన్న చెప్పిన ఆ గోడల, అంటే ఇసుక కట్టల విషయంలోనూ ఆ మాటే నిజమని తర్వాత చూశాను. మచాకోస్ ప్రాంతంలో 1978లో జాషువా ముకుస్యా అనే ఆయన ఉటూనీ పేరుతో ఊరివాళ్లను కూడగట్టి ఈ కట్టలు కట్టించడం మొదలుపెట్టారు. ఇవాళ ఈ చుట్టుపక్కల వందల కట్టలు ఉన్నాయంటే దాని వెనక ఆయన, ఆయనలాంటివాళ్లు ఉన్నారు. ఈ సంస్థ పద్ధతి కూడా వాళ్ల దారిదే. ఊరివాళ్లు ముందు సంఘంగా ఏర్పడాలి, పొలాల్లో గట్లు వేసుకోవాలి, వంకలో రాళ్లు పోగుచేయాలి. ఆ తర్వాతే సంస్థ సిమెంటు, ఇనుము, మేస్త్రీని పంపుతుంది. రాళ్లు పోగుపడకపోతే సిమెంటు రాదు. ఈ మాట మీద వాళ్లు చాలా గట్టిగా ఉంటారు.

మధ్యాహ్నానికి జిల్లా కేంద్రం వోటే చేరాం. అక్కడి నుంచి మట్టి రోడ్డు మీద ఇంకో గంట. ఎర్ర నేల, తుమ్మ చెట్లు, కంచెలుగా కిత్తనార, మేకలు. మట్టి రంగు, ఎండ, చెట్ల నీడ కూడా మా అనంతపురం పల్లెలాగే ఉన్నాయి.

మూడో రోజు

నేను ఉన్న ఇల్లు సంఘం కోశాధికారిది. అరవై దాటిన మనిషి. అందరూ ఆవిణ్ని "మ్వైతు" అంటారు. కాంబాల భాష కికాంబాలో అమ్మ అని అర్థం. నేనూ అలాగే పిలిచాను. నన్ను మాత్రం అందరూ "దాదా" అన్నారు. మొదట ఉలిక్కిపడ్డాను. స్వాహిలిలో దాదా అంటే అక్క, చెల్లి.

తెల్లవారుజామున నాలుగున్నరకు మ్వైతు లేపింది. టార్చి వేసుకుని నీళ్లకు బయల్దేరాం. ఆవిడ, ఆవిడ కోడలు, నేను, రెండు గాడిదలు. గాడిదల వీపు మీద అటు రెండు ఇటు రెండు పసుపుపచ్చ డబ్బాలు. వంటనూనె వచ్చే ఇరవై లీటర్ల డబ్బాలే ఇక్కడ బిందెలు. నడక గంట పైన పట్టింది.

వంకలో దిగాక చూశాను, అది చెలిమే. కాకపోతే మా అవ్వ చెలిమ మోకాటి లోతు, ఇది రెండు నిలువులు. ఇసుకలో మెట్లు చెక్కి, పశువులు పడకుండా చుట్టూ ముళ్లకంప వేశారు. అడుగున ఒకావిడ కూర్చుని సగం కోసిన డబ్బాతో నీళ్లు ముంచి పైకి అందిస్తోంది. మా ముందు పదమూడు మంది ఉన్నారు. నీళ్లు ఊరే దాకా ఆగాలి, ముంచాలి, మళ్లీ ఆగాలి. మా వంతు వచ్చేసరికి ఎండ ఎక్కింది.

2020 చివరి నుంచి 2022 చివరి దాకా ఇక్కడ వరుసగా ఐదు వానకాలాలు పోయాయి. వీళ్లకు ఏడాదికి రెండు వానకాలాలు. మార్చి నుంచి మే దాకా ఒకటి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఒకటి. రెండోదాన్నే ఎక్కువ నమ్ముకుంటారు. ఆ రెండేళ్లూ రెండూ మొహం చాటేశాయి. ఆ రోజుల్లో ఇదే చెలిమ దగ్గర రాత్రంతా పడుకుని వంతు కాచుకునేవాళ్లమని కోడలు చెప్పింది. 2023 వేసవిలో కాస్త వాన పడింది కాబట్టి ఇప్పుడు ఇది తేలికేనట.

గాడిదలకు ఎనిమిది డబ్బాలు పోగా ఒక డబ్బా మిగిలింది. దాన్ని మ్వైతు ఎత్తుకుంది. డబ్బాకు కట్టిన పట్టీని నుదుటి మీద పైభాగాన ఆనించుకుని, బరువంతా వీపున వేసుకుని ముందుకు వంగి నడుస్తారు. దారిలో ఒకచోట ఆగి ఆవిడ తలగుడ్డ సర్దుకున్నప్పుడు చూశాను. నుదుటి పైన, జుట్టు మొదలయ్యే చోట, అడ్డంగా వేలు పట్టేంత గాడి పడి ఉంది. యాభై ఏళ్ల నీళ్లు అక్కడ పడ్డ గుర్తు అది. నేను అటే చూస్తున్నానని తెలిసి ఆవిడ నా వేలు పట్టుకుని ఆ గాడిలో పెట్టింది. గట్టిగా, నున్నగా ఉంది, ఎముకే వంగినట్టు. నాకు మాట రాలేదు. ఆవిడ మళ్లీ పట్టీ ఆనించుకుని నడక మొదలుపెట్టింది.

నాలుగో రోజు

వంకలో పునాది పని. ఇక్కడ మేస్త్రీని "ఫుండీ" అంటారు. ఈ ఫుండీ పాతిక ముప్పై కట్టలు కట్టిన మనిషి. వంకకు అడ్డంగా ఇసుక తీసేసి బండ తగిలే దాకా తవ్వుతున్నారు. కట్ట బండ మీద కూర్చోవాలి. బండ లేని చోట ఎంత గోడ కట్టినా నీళ్లు అడుగు నుంచి జారిపోతాయి. అందుకే ఇసుక కట్టకు జాగా ఎంచుకోవడమే సగం పని. ఎగువన కొండరాయి అరిగి ముతక ఇసుక వచ్చే వంక కావాలి. ఒండ్రు, బురద వచ్చే వంక పనికిరాదు. ముతక ఇసుక నిండితే దాని ఘనపరిమాణంలో పాతిక నుంచి నలభై శాతం దాకా నీళ్లు పడతాయి. ఇసుక కప్పేస్తుంది కాబట్టి ఎండకు ఆవిరైపోవు, దోమలు గుడ్లు పెట్టవు. నీళ్లు ఇసుకలో వడగట్టుకుంటాయి. వరద వచ్చినప్పుడు బరువైన ఇసుక గోడ వెనక ఆగుతుంది, తేలికైన బురద గోడ మీద నుంచి పొర్లిపోతుంది. ఒక్కోచోట ఒక్క వానకాలంలోనే నిండుతుంది, ఒక్కోచోట మూడు నాలుగు పడతాయి. వరదలో కొద్ది భాగమే ఇక్కడ ఆగుతుంది, మిగతాదంతా కిందికి పోయి అథి నదిలో కలుస్తుంది. కాబట్టి దిగువ ఊళ్లతో పేచీ ఉండదు.

నేను లెవెల్ పైపు పట్టి, కొలతలు రాసిపెట్టాను. ఎడమ ఒడ్డున రెక్క గోడ ఎంత లోపలికి పోవాలన్న చర్చ వచ్చింది. వరద గోడను చుట్టుకుని ఒడ్డు కోసేయకుండా రెండు వైపులా ఒడ్డులోకి కట్టే గోడే రెక్క గోడ. నా లెక్క ప్రకారం నాలుగు మీటర్లు చాలు. ఫుండీ ఒప్పుకోలేదు. నేరుగా పోయి తుమ్మ నీడలో కూర్చున్న ముసలాయన్ని అడిగాడు. ఆయన లేచి కర్ర ఊపుతూ నడిచి ఒక చెట్టు దగ్గర ఆగి, మొదలు మీద తన నడుమెత్తున కర్ర ఆనించాడు. 1997, 98లో ఎల్‌నినో వరద ఇక్కడి దాకా వచ్చిందట. ఫుండీ అక్కడికి తాడు లాగి మేకు కొట్టాడు. ఆరు మీటర్లు అయింది. నేను కాగితం మీద అంకె మార్చుకున్నాను.

ఐదో రోజు

రాళ్లు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రాళ్లే. నూట ఇరవై మంది వరుసగా నిలబడి చేతి నుంచి చేతికి అందించుకున్నాం. నలుగురిలో ముగ్గురు ఆడవాళ్లే. ఇలా కలిసి చేసే పనిని కాంబాలు "మ్వెత్యా" అంటారు. ఒకరి పొలానికి అందరూ పోయి పనిచేసే పాత అలవాటు. మా వైపు వడ్లు నూర్చేటప్పుడు చేసే బదులు పని లాంటిది. ఒకావిడ పాట ఎత్తుకుంటే వరుసంతా అందుకుంటుంది. ఆ పాట ఊపుకే రాయి కదులుతుంది. నా కుడి పక్కనున్న అమ్మాయికి ఐదో నెల. వద్దంటే వినలేదు, చిన్న రాళ్లు మాత్రం అందుకుంది. ఆమె వంతు పని ఆమె పేరు మీదే రాయాలి, లేకపోతే కట్ట తనది కాదని ఆమె బాధ.

ఆరో రోజు

ఆదివారం, పని లేదు. చర్చి అయ్యాక చెట్టు కింద సంఘం కూర్చుంది. వీటిని ఇక్కడ "చామా" అంటారు. అచ్చం మన పొదుపు సంఘమే. వారం వారం డబ్బు వేయడం, వంతుల వారీగా ఒకరికి ఇవ్వడం, అప్పులు, పుస్తకంలో వేలిముద్రలు. మ్వైతు కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పేరూ చదివింది. డబ్బు చాలామంది ఫోన్లోనే ఎంపెసాలో పంపేశారు. డ్వాక్రా సంఘాల గురించి నేను చెబితే వాళ్లు చాలాసేపు అడిగారు. వడ్డీ ఎంత, ఎవరైనా కట్టకపోతే ఏం చేస్తారు, మొగుళ్లు డబ్బు లాక్కుంటే ఏం చేస్తారు అని. చివరి ప్రశ్న దగ్గర అందరూ ఒక్కసారే మాట్లాడారు.

ఆగస్టు ఇక్కడ కందులు చేతికొచ్చే కాలం. కికాంబాలో కందుల్ని "న్‌జూ" అంటారు. జొన్నల్లా పొట్టు తీసిన మక్కలతో కలిపి ఉడికించి "ముతోకోయి" చేస్తారు. కందుల్ని గింజగానే వండుతారు కానీ బద్ద చేసి పప్పు చేయరు. నేను మ్వైతు ఇంట్లో రాత్రి నానబెట్టిన కందుల్ని పొట్టు పోయేలా రుద్ది ఉడికించి, మెత్తగా ఎనిపి, చింతపండు పులుసు పోసి, ఇంగువ వేసి తాళింపు పెట్టాను. ఆవాలు చిటపటలాడుతుంటే పిల్లలు పొయ్యి చుట్టూ చేరారు. ఇంగువ వాసనకు మొదట మొహాలు తిప్పుకున్నారు. మ్వైతు మాత్రం మొక్కజొన్న ఉగాలీ ముద్ద తుంచి, అందులో గుంట చేసి, పప్పు నింపుకుని తింది. మా అవ్వ రాగిసంకటి తినే తీరు అదే. మళ్లీ వేయమంది.

ఏడో రోజు

కట్ట పోసే రోజు. తెల్లారేసరికి అందరూ వచ్చేశారు. చెక్కలు బిగించి ఉన్నాయి, బండలో రంధ్రాలు కొట్టి నిలువు కడ్డీలు దింపి ఉన్నాయి. సిమెంటు లారీ ఏడింటికి రావాలి. పది దాటింది, పన్నెండు దాటింది. వోటేలో దుకాణం వాడు ఫోన్ తీయలేదు. నూట యాభై మంది ఎండలో కూర్చుని ఉన్నారు. కూలిపని వదులుకుని వచ్చినవాళ్లు ఎంతమందో. నా టెన్షన్ అంతా ఇంతా కాదు. సంస్థ ఆవిడ మోటార్‌సైకిల్ మీద ఎదురెళ్లింది. రెండున్నరకు లారీ వచ్చింది.

రేపు చేద్దామని నేను అన్నాను. ఫుండీ తల అడ్డంగా ఊపాడు. అడుగు వరుస మధ్యలో ఆపితే అతుకు పడుతుంది, ఆ అతుకే రేపు కారుతుంది. రేపు సంత రోజు కూడా, ఇంతమంది రారు. మొదలుపెట్టాం. ఒకటికి మూడు పాళ్ల మాలు, వంకలో ఇసుకతోనే. మగపిల్లలు పారలతో మాలు కలిపితే, ఆడవాళ్లు బొచ్చెలతో అందించారు. ఒక వరుస మాలు, అందులో కూరిన రాళ్లు, వాటి మీద ఈ చివరి నుంచి ఆ చివరికి లాగిన ముళ్లతీగ, మళ్లీ మాలు. కాంక్రీట్‌లో ముళ్లతీగ వేయడం నేను ఎక్కడా చూడలేదు. చవగ్గా వస్తుంది, ముళ్లు మాలులో బాగా పట్టుకుంటాయి. హైదరాబాద్ సైట్లో నేను ఇది ఒప్పుకునేదాన్ని కాదు. ఇక్కడ పాతికేళ్ల నాటి కట్టల్లోనూ అదే ఉంది, నిలబడి ఉంది.

ఆరున్నరకు చీకటి పడింది. మూడు బోడాబోడాలు వంకలోకి దించి హెడ్‌లైట్లు వేశారు. బోడాబోడా అంటే ఇక్కడ కిరాయికి తిరిగే మోటార్‌సైకిల్. ఆ వెలుగులో బొచ్చెలు కదిలాయి. పాట ఆగలేదు. రాత్రి పదకొండుకు అడుగు వరుస పూర్తయింది. మ్వైతు చివరి బొచ్చె తన చేత్తో పోసింది.

ఎనిమిదో రోజు

పొద్దున లేవలేకపోయాను. మధ్యాహ్నం కట్ట దగ్గరకు పోతే గోడ మీద గోనెపట్టాలు కప్పి తడుపుతున్నారు. క్యూరింగ్. ఇరవై ఎనిమిది రోజులు తడపాలి. ఈ నీళ్లు ఎక్కడివని అడిగాను. అదే చెలిమవి. ఇంటికి రోజుకు ఒక డబ్బా చొప్పున కట్టకు ఇవ్వాలని సంఘం తీర్మానం. తాగే నీళ్లలో నుంచి ఇస్తున్నారు. అప్పుడే బడి నుంచి వచ్చిన ఒక పిల్లాడు గోనెపట్టా మీద నీళ్లు పోసి, డబ్బా అడుగున మిగిలిన గుక్కెడు తాగాడు. మా సైట్‌లో పైపు పట్టి గంటలు గంటలు తడిపిస్తాను, ఎన్ని లీటర్లని ఏ రోజూ లెక్క చూడలేదు.

తొమ్మిదో రోజు

పక్క లోయలో పద్నాలుగేళ్ల నాటి కట్ట చూడ్డానికి వెళ్లాం. ఎగువన అర కిలోమీటరు దాకా ఇసుక మేట, పైన చుక్క నీరు లేదు. గోడ అడుగు నుంచి పైపు తీసి కొళాయి పెట్టారు. కొళాయి తిప్పితే నీళ్లు. ఒడ్డున సుకుమా ఆకుకూర మళ్లు, టమాటా, మామిడి, అరటి. పశువులకు దిగువన వేరే తొట్టి. ఆ ఊళ్లో ఆడపిల్లలు బడికి ఆలస్యంగా రావడం ఆగిందని పంతులమ్మ చెప్పింది.

నేను చెప్పులు విడిచి ఇసుకలోకి దిగి చేతులతో తవ్వాను. మోచేతి లోతుకే తడి తగిలింది. ఇంకాస్త తవ్వితే నీళ్లు ఊరాయి. మొదటివి తోడి పారబోశాను. రెండోసారి ఊరినవి దోసిట్లో పట్టుకుని తాగాను. అప్పటిదాకా ఏడవలేదు, అక్కడ ఏడ్చాను. మ్వైతు పక్కన కూర్చుంది. మా అవ్వ గురించి, చిత్రావతి గురించి చెప్పాను. సంస్థ ఆవిడ కికాంబాలోకి మార్చి చెప్పింది. ఇసుకంతా ఎవరు తీసుకుపోయారని మ్వైతు అడిగింది. లారీలని చెప్పాను. ఆవిడ లేచి, వంక మొగదల అడ్డంగా పాతిన రాతి స్తంభాలు చూపించింది. లారీ దిగకుండా ఊరివాళ్లు పాతినవి. నైరోబీలో మేడలు లేస్తున్న కొద్దీ ఈ వంకల మీద ఇసుక లారీల కన్ను పడింది. గొడవలు, కొట్లాటలు అయ్యాయి. చివరికి మక్వేని కౌంటీ (జిల్లా) ప్రభుత్వం 2015లో ఇసుక కాపాడుకోవడానికే ప్రత్యేకంగా చట్టం చేసుకుంది. మనకూ 2002 నుంచి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. ఇసుక తీస్తే భూగర్భ జలం పోతుందని అందులోనూ ఉంది. మా ఊరి ఏటి మొగదల మాత్రం ఎవరూ రాయి పాతలేదు. ఆ ఏట్లో ఇసుకతో కట్టిన మేడల్లో నేను జీతం తీసుకున్న మేడలూ ఉండే ఉంటాయి. ఇది నేను ఎవరి మీదా పెట్టలేని మాట.

పదో రోజు

రెండో వరుస పోశాం. ఈసారి సిమెంటు ముందురోజే వచ్చింది.

సాయంత్రం సంస్థ ఆవిణ్ని చాలా రోజులుగా మనసులో ఉన్న మాట అడిగాను. అప్పుడు ఇక్కడ సిమెంటు బస్తా ఏడెనిమిది వందల షిల్లింగులు ఉండేది. నా రానుపోను టికెట్టు డబ్బుతో నూరు బస్తాల దాకా వచ్చేవి. నేను రావడం కంటే అవి పంపడమే మేలేమో కదా? ఆవిడ మొహమాటపడలేదు. "నీ చేతుల పని మాకు తక్కువ పడలేదు, చేతులు మాకు చాలా ఉన్నాయి. వచ్చేవాళ్లలో చాలామంది పిల్లలతో ఫోటోలు దిగి, బిస్కెట్లు పంచి పోతారు. పిల్లలు మరునాడు బండి కనిపిస్తే చెయ్యి చాపుతారు, దాన్ని మాన్పించడానికి మాకు నెలలు పడుతుంది. నువ్వు అది చేయలేదు. మళ్లీ రాకపోయినా ఫరవాలేదు, మమ్మల్ని మరిచిపోకు. ఏటా కొన్ని బస్తాలు పంపు. మేం పంపే లెక్క చదువు," అంది.

మా అనంతపురానికి 1969లో స్పెయిన్ దేశం నుంచి విన్సెంట్ ఫెర్రర్ వచ్చారు. 2009లో కన్నుమూసే దాకా అక్కడే ఉన్నారు. మా చిన్నప్పుడు ఊళ్లో ఆయన సంస్థ కట్టించిన ఇళ్లు, బడులు చూస్తూ పెరిగాం. నలభై ఏళ్లు ఉండిపోవడం వేరు, పదకొండు రోజులు ఉండి పోవడం వేరు. ఆ తేడా దాచుకోకుండా రాయాలనే ఇది రాస్తున్నాను. వెళ్లాలనుకునేవాళ్లకు నాకు తోచింది ఒక్కటే. వెళ్లే ముందు అక్కడివాళ్లు మొదలుపెట్టిన పని ఏదో కనుక్కుని అందులో ఒక చెయ్యి వేయండి. మన కోసం వాళ్లు పని పుట్టించే చోటికి వెళ్లొద్దు.

పదకొండో రోజు

తెల్లవారుజామున మళ్లీ మ్వైతుతో నీళ్లకు వెళ్లాను. వచ్చాక ఆవిడ తన చేత్తో అల్లిన కిత్తనార బుట్ట ఇచ్చింది. "క్యొండో" అంటారు వాటిని. అందులో రెండు కిలోల కందులు పోసి ఉన్నాయి. "నీ మువేయా," అన్నాను, అంటే కృతజ్ఞతలని. ఆవిడ నా నుదురు తడిమి, ఏమీ లేదన్నట్టు తల ఊపింది.

రాత్రికి నైరోబీ, మరునాడు ముంబై.

ఆ ఏడాది చివర్లో తూర్పు ఆఫ్రికాలో ఎల్‌నినో వానలు విరుచుకుపడ్డాయి. నవంబర్ అంతా వరద వార్తలు చూస్తూ నిద్ర పట్టలేదు. డిసెంబర్ రెండో వారంలో సంస్థ ఆవిడ ఫోటోలు పంపింది. కట్ట నిలబడి ఉంది. గోడ వెనక సగానికి పైగా ఇసుక నిండింది. ముసలాయన కర్ర ఆనించిన చెట్టు మొదట్లో చెత్త చిక్కుకుని ఉంది. వరద అక్కడి దాకా వచ్చింది. ఎడమ రెక్క ఆగింది. కుడి ఒడ్డు మాత్రం రెండు మీటర్లు కోసుకుపోయింది, అటువైపు రెక్క పొడిగించాలి. నలభై బస్తాలు పడతాయని లెక్క రాసింది. పంపాను.

ఫోటోలతో పాటు మ్వైతు గొంతు కూడా ఉంది, అర నిమిషం. నాకు అందులో ఒక్క ముక్కా అర్థం కాలేదు. కింద సంస్థ ఆవిడ అర్థం రాసి పంపింది: "ఇవాళ నీళ్లకు సూర్యుడు వచ్చాక వెళ్లాను. మొదటివి పారబోశాను. రెండోవి తెచ్చుకున్నాను. కుడి పక్కకు రాళ్లు మోయడం సోమవారం మొదలుపెడుతున్నాం."